కుదుపు ఆగినా కుదుటపడని ఆర్థిక వ్యవస్థలు

సంక్షిప్తంగా: యుద్ధం, చమురు ధరల మంట, మహమ్మారి, బ్యాంకుల పతనం లాంటివి ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తాయి. వాటి జాడ మాత్రం కొన్నిసార్లు దశాబ్దాల పాటు ఉండిపోతుంది, కొన్నిసార్లు నెలల్లోనే చెరిగిపోతుంది. ఈ తేడా ఎక్కువగా కుదుపు సాగిన కాలంలో ఏవి తెగిపోయాయి, ఏవి కొత్తగా పుట్టుకొచ్చాయి అన్నదాని మీద ఆధారపడుతుంది. తెగినవాటిని అతకడం కంటే తెగకుండా కాపాడటం చవక. కానీ ఏది కాపాడదగినదో కుదుపు మధ్యలో తేల్చడం కష్టం.

రెండుసార్లు మూతపడ్డ కాలువ

2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే నాలుగు వందల మీటర్ల కంటైనర్ నౌక సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుపోయింది. ఆరు రోజులు రాకపోకలు ఆగాయి. వందల నౌకలు రెండు వైపులా బారులు తీరాయి. నౌక కదిలాక ఆ బారులు కొద్ది రోజుల్లోనే కరిగిపోయాయి. రేవుల్లో రద్దీ మరికొంత కాలం ఉన్నా, సరుకు రవాణా మళ్లీ పాత దారినే సాగింది.

అదే కాలువ 1967 జూన్‌లో అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధంతో మూతపడి, 1975 జూన్‌లో గానీ తెరుచుకోలేదు. ఆ ఎనిమిదేళ్లూ గల్ఫ్ చమురు ఐరోపాకు చేరాలంటే ట్యాంకర్లు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసి వచ్చింది. అంత దూరపు ప్రయాణంలో టన్నుకు పడే ఖర్చు తగ్గాలంటే నౌక పెద్దదై ఉండాలి. భారీ ట్యాంకర్ల నిర్మాణం అంతకుముందే మొదలైంది, కాలువ మూత దానికి గట్టి ఊపునిచ్చింది. 1968లోనే మూడు లక్షల టన్నులు మోయగల ట్యాంకర్లు నీటిలోకి దిగాయి. 1975లో కాలువ తెరుచుకునేసరికి, నిండు సరుకుతో వచ్చే ఆ నౌకలకు అందులో లోతు చాలలేదు. చివరికి కాలువే వాటికి తగ్గట్టు మారవలసి వచ్చింది. 1980 నాటికి దాన్ని వెడల్పు చేసి, మరింత లోతుగా తవ్వారు. ఈలోగా 1977లో ఎర్రసముద్రపు ఒడ్డు నుంచి మధ్యధరా ఒడ్డుకు చమురు చేరవేసే సుమెద్ పైపులైను పని మొదలుపెట్టింది. దారి తిరిగి తెరుచుకుంది గానీ, ఆ దారిన పోయే నౌకలు పాతవి కావు.

ఆరు రోజులకూ ఎనిమిదేళ్లకూ పోలికేమిటి, కాలమే తేడా తెచ్చింది అనిపించవచ్చు. కాలానికి పాత్ర ఉంది, ఓడలు కట్టాలంటే ఏళ్లు పడుతుంది. అయితే అసలు విషయం కాలం ఒక్కటే కాదని లండన్ భూగర్భ రైళ్ల సమ్మె చూపించింది. 2014 ఫిబ్రవరిలో రెండు రోజుల పాటు చాలా స్టేషన్లు మూతపడటంతో ప్రయాణికులు వేరే దారులు వెతుక్కున్నారు. ప్రయాణ కార్డుల వివరాలను పరిశీలించిన ముగ్గురు ఆర్థికవేత్తలకు, సమ్మె ముగిశాక కూడా సుమారు 5 శాతం మంది కొత్త దారిలోనే ఉండిపోయినట్టు తేలింది. ఏళ్ల తరబడి రోజూ తిరిగిన దారికంటే మెరుగైనది పక్కనే ఉన్నా, విధిలేని పరిస్థితి వచ్చేదాకా వాళ్లు దాన్ని ప్రయత్నించలేదు. రెండు రోజుల అంతరాయం వాళ్ల చేతికి ఒక సమాచారాన్ని ఇచ్చిపోయింది. అంతరాయం ముగిసినంత మాత్రాన తెలిసినది తెలియకుండా పోదు.

తీగా? ఇనుమా?

కుదుపు తర్వాత ఆర్థిక వ్యవస్థ ఏమవుతుందన్న ప్రశ్నకు చాలాకాలం ఒకే జవాబు నడిచింది. 1964లో అమెరికన్ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ దాన్ని ఒక పోలికతో చెప్పాడు. బల్లకు బిగించిన తీగను అక్కడక్కడ కిందికి లాగి వదిలితే, ఎంత లోతుకు లాగారో అంత వేగంగా పైకి లేచి తన చోటికి చేరుతుంది. ఉత్పత్తి కూడా అంతే: మాంద్యం కిందికి లాగుతుంది, ఆ తర్వాత అది తన సహజ స్థాయిని అందుకుంటుంది. ఆ స్థాయిని నిర్ణయించేవి సాంకేతికత, జనాభా, నైపుణ్యాలు, సంస్థలు. తాత్కాలిక ఒడిదుడుకులు వాటిని తాకవు. పాఠ్యపుస్తకాల్లో ధోరణిని ఒక గీతగా, మాంద్యాలను దాని చుట్టూ వచ్చిపోయే అలలుగా విడదీసి చూపే పద్ధతి ఈ భావన మీదే నిలబడింది.

1982లో చార్లెస్ నెల్సన్, చార్లెస్ ప్లాసర్ అమెరికా దీర్ఘకాలిక గణాంకాలను పరీక్షించి ఈ విభజననే ప్రశ్నించారు. ఉత్పత్తికి తగిలిన దెబ్బల్లో గణనీయమైన భాగం ఎప్పటికీ పూడకుండా మిగిలిపోతోందని వారి లెక్కలు సూచించాయి. అలా మిగలడానికి కారణమేమిటన్న వెతుకులాటలో ఆర్థికవేత్తలు భౌతికశాస్త్రం నుంచి ఒక మాటను అరువు తెచ్చుకున్నారు. అదే హిస్టరీసిస్.

ఆ మాటను వాడుకలోకి తెచ్చినవాడు స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ ఆల్‌ఫ్రెడ్ యూయింగ్. 1880ల తొలినాళ్లలో టోక్యో విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ ఇనుము అయస్కాంతంగా మారే తీరును పరిశీలించాడు. ఇనుప కడ్డీ చుట్టూ తీగ చుట్టి విద్యుత్తు పంపితే కడ్డీ అయస్కాంతమవుతుంది. విద్యుత్తు ఆపేసినా ఆ అయస్కాంతత్వంలో కొంత మిగిలే ఉంటుంది. దాన్ని పూర్తిగా పోగొట్టాలంటే విద్యుత్తు ఆపితే చాలదు, ఎదురు దిశలో పంపాలి. పోయే దారి ఒకటి, తిరిగి వచ్చే దారి మరొకటి. ఆర్థిక విధానానికి ఇందులో ఉన్న పాఠం ఈ రెండో భాగంలోనే ఉంది. దెబ్బకు కారణమైనదాన్ని తొలగిస్తే సరిపోతుందన్నది తీగ పోలిక. ఇనుము పోలిక అయితే ఎదురు బలం ప్రయోగించాలంటుంది.

ఐరోపా నిరుద్యోగం నేర్పినది

1973 అక్టోబరులో అరబ్బు దేశాల చమురు నిషేధానికి ముందు పీపా ధర సుమారు 3 డాలర్లు. 1974 జనవరికి అది దాదాపు 12 డాలర్లకు చేరింది. 1979లో ఇరాన్ విప్లవంతో రెండో దెబ్బ తగిలింది. దానికితోడు ద్రవ్యోల్బణాన్ని అణచడానికి 1980ల మొదట్లో వడ్డీ రేట్లు బాగా పెంచారు. 1970ల తొలినాళ్లలో 3 శాతం లోపు ఉన్న పశ్చిమ ఐరోపా నిరుద్యోగం 1980ల మధ్యకు 10 శాతం దాటింది.

ఇంతవరకు తీగ పోలికతోనే వివరించవచ్చు. ఆ తర్వాత జరిగిందే అంతుపట్టలేదు. 1986లో చమురు ధర సగానికి పైగా పడిపోయింది. ద్రవ్యోల్బణం దిగివచ్చింది. నిరుద్యోగం మాత్రం దిగలేదు. పాత సిద్ధాంతం ప్రకారం అంత నిరుద్యోగం ఉంటే వేతనాలు, ధరలు పెరిగే వేగం ఇంకా పడిపోతూ ఉండాలి. ఆ వేగం ఒక చోట నిలిచిపోయింది. అంటే సహజ స్థాయి అనుకున్నదే 10 శాతం దగ్గరికి జరిగిపోయినట్టు లెక్క. ఒలివియే బ్లాంచార్డ్, లారెన్స్ సమ్మర్స్ 1986లో దీన్ని హిస్టరీసిస్‌గా వివరించారు.

వారు ఎత్తిచూపిన యంత్రాంగం సూక్ష్మమైనది. ఒక కర్మాగారంలో వంద మంది ఉన్నారనుకుందాం. మాంద్యంలో ఇరవై మందిని తీసేశారు. గిరాకీ కోలుకున్నాక వేతనాల గురించి బేరమాడేది ఎవరు? లోపల మిగిలిన ఎనభై మంది. తమ ఉద్యోగాలు నిలిచేంత వరకు వేతనం ఎంత పెంచుకోవచ్చో వారు చూసుకుంటారు. బయట ఉన్న ఇరవై మందికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. వారు తిరిగి చేరాలంటే వేతనం కొంత తక్కువగా ఉండాలి, ఆ మాట అక్కడ ఎత్తేవారే ఉండరు. అలా వంద మంది సంస్థ ఎనభై మంది సంస్థగా స్థిరపడిపోతుంది. ఎవరి దురుద్దేశమూ ఇందులో అక్కర్లేదు.

రెండో యంత్రాంగం బయట ఉన్నవారి వైపు పనిచేస్తుంది. ఏడాది, రెండేళ్లు పనికి దూరమైన మనిషికి చేతిలోని పని మరపున పడుతుంది, యంత్రాలు మారిపోతాయి, పని సంగతులు చెప్పే పరిచయాలు తెగిపోతాయి. యజమానులు కూడా ఆ ఖాళీ కాలాన్ని చూసి దరఖాస్తును పక్కన పెడతారు. దీర్ఘకాలం పని లేనివారు వేతనాల మీద ఒత్తిడి తెచ్చే స్థితిలో కూడా ఉండరు. లెక్కల్లో నిరుద్యోగులే, వాస్తవంలో పోటీకి వెలుపలే.

పని దొరికినా నష్టం తీరదు. 1980ల తొలి సంవత్సరాల్లో పెన్సిల్వేనియాలో ఏళ్ల అనుభవం ఉండి పని పోగొట్టుకున్న కార్మికుల ఆదాయాలను ముగ్గురు పరిశోధకులు వెంటాడి చూశారు. అయిదారేళ్ల తర్వాత కూడా వారి వార్షిక ఆదాయం, పని పోకుండా ఉంటే వచ్చేదానికంటే సుమారు 25 శాతం తక్కువగా ఉంది. ఒకే సంస్థలో ఇరవై ఏళ్లుగా పోగుచేసుకున్న మెలకువలకు మరో సంస్థలో అంత విలువ ఉండదు. మాంద్యం రోజుల్లో చదువు ముగించి బయటికి వచ్చినవారిదీ ఇలాంటి కథే. దొరికిన చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి, మంచి రోజుల్లో చదువు ముగించినవారిని అందుకోవడానికి వారికి సుమారు పదేళ్లు పడుతోందని కెనడా గణాంకాలు చూపాయి. చదువుల్లో, ప్రతిభలో వారికి తక్కువేమీ లేదు. పుట్టిన సంవత్సరమే వారికి అడ్డమైంది.

రావడానికి ఒక గడప, పోవడానికి మరో గడప

ఇదే తర్కం సంస్థల పెట్టుబడుల్లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1980 నుంచి 1985 మొదటి దాకా డాలరు విలువ విపరీతంగా పెరిగింది. దిగుమతులు చవకై విదేశీ తయారీదారులు అమెరికా మార్కెట్లోకి పెద్దయెత్తున వచ్చారు. 1985 సెప్టెంబరు 22న న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో అయిదు దేశాలు డాలరును దించడానికి ఒప్పందం చేసుకున్నాయి. డాలరు వేగంగా పడిపోయింది. వాణిజ్య లోటు మాత్రం 1987 దాకా పెరుగుతూనే పోయింది.

అవినాష్ దీక్షిత్, రిచర్డ్ బాల్డ్‌విన్, పాల్ క్రుగ్‌మన్ ఇచ్చిన వివరణను ఒక ఊహాజనిత లెక్కతో చూడవచ్చు. ఒక సంస్థ కొత్త దేశంలో అమ్మకాలు మొదలుపెట్టాలంటే పంపిణీదారులు, ప్రకటనలు, మరమ్మతు కేంద్రాలు అన్నీ కలిపి 100 యూనిట్లు ఖర్చు పెట్టాలి. ఏటా 15 యూనిట్లు మిగిలితేనే ఆ సాహసం గిట్టుబాటు. మారకం విలువ అనుకూలించి మిగులు 16కు చేరగానే సంస్థ లోపలికి వచ్చింది. తర్వాత పరిస్థితి తిరగబడి మిగులు 4కు పడింది. ఈ సంస్థ వెళ్లిపోతుందా? పోదు. పెట్టిన 100 తిరిగి రాదు కాబట్టి, రోజువారీ ఖర్చులు పోను ఏ కొంచెం మిగిలినా ఉండటమే మేలు. పైగా ఇప్పుడు పోయి మళ్లీ రావాలంటే ఇంకో 100 కావాలి. కాబట్టి కొంత నష్టం వచ్చినా ఓర్చుకుంటుంది. అంటే రావడానికి గడప 15 దగ్గర, పోవడానికి గడప సున్నా కంటే దిగువన ఉన్నాయి. ఈ రెండింటి మధ్య మార్కెట్లో ఎన్ని సంస్థలు ఉంటాయన్నది ఇవాళ్టి మారకం విలువను చూసి చెప్పలేం. నిన్న ఏం జరిగిందో కూడా తెలియాలి.

భవిష్యత్తు ఎంత అనిశ్చితంగా ఉంటే ఈ రెండు గడపల మధ్య దూరం అంత పెరుగుతుందన్నది దీక్షిత్ 1989లో చూపిన ముఖ్యమైన ఫలితం. ఒకసారి వేసిన అడుగు వెనక్కి తీసుకోలేనప్పుడు ఎవరైనా ఆగి చూస్తారు. ఒక కుదుపు తర్వాత మరో కుదుపు వచ్చే కాలంలో పెట్టుబడులు ఎందుకు త్వరగా తిరిగి పుంజుకోవో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఒకే పత్తి కరువు, వేర్వేరు జాడలు

కుదుపు ఒకటే అయినా అది తగిలిన చోటును బట్టి జాడ మారుతుందనడానికి 1861-65 అమెరికా అంతర్యుద్ధం కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. బ్రిటన్ మిల్లులకు పత్తిలో అధిక భాగం అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచే వచ్చేది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించడంతో అది ఆగిపోయింది. నాలుగేళ్లలో యుద్ధం ముగిసింది, అమెరికా పత్తి మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. జౌళి పరిశ్రమ కోలుకుంది. కానీ ఆ నాలుగేళ్లలో దెబ్బతిన్న మిల్లు పట్టణాలు ఇతర పట్టణాల కంటే వెనుకబడ్డాయి, ఆ అంతరం దశాబ్దాల పాటు పూడలేదు. వాకర్ హాన్లన్ అనే ఆర్థిక చరిత్రకారుడు దీన్ని పరిశోధించి, చిన్నచిన్న అనుబంధ సంస్థల దివాలాను ముఖ్య కారణంగా చూపాడు. మిల్లు మళ్లీ తిరగవచ్చు, దానికి యంత్రాలు చేసిపెట్టే పక్కవీధి కార్ఖానా మూతపడితే దాని పనివాళ్లు తలోదారీ పడతారు.

దక్కన్‌లో ఇదే కరువు మొదట వరంలా వచ్చింది. పత్తి ధర చుక్కలనంటింది, రైతులకు అప్పు అడగకుండానే పుట్టింది. యుద్ధం ముగిశాక ధర కూలింది. అప్పు మిగిలింది, ఆపైన భూమి శిస్తు పెరిగింది. 1875 మేలో పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు వడ్డీ వ్యాపారుల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలను గుంజుకుని తగలబెట్టారు. ధర పెరిగినప్పుడు రాసుకున్న కాగితం ధర తగ్గినప్పుడు తనంతట తాను మారదు. అప్పు అనేది కుదుపును భవిష్యత్తులోకి మోసుకుపోయే వాహనాల్లో అతి బలమైనది.

ఈజిప్టులో అది మరింత దూరం వెళ్లింది. పత్తి రాబడి కళ్లెదుట ఉండగా పాలకుడు ఇస్మాయిల్ ఐరోపా బ్యాంకుల నుంచి భారీగా అప్పులు చేశాడు. ధర పడ్డాక అవి మెడకు చుట్టుకున్నాయి. 1875లో సూయజ్ కాలువ వాటాలను బ్రిటన్‌కు సుమారు 40 లక్షల పౌండ్లకు అమ్మేశాడు. 1876లో అప్పుల చెల్లింపు ఆగిపోయింది. 1882లో బ్రిటిష్ సైన్యం దిగింది. పత్తి ఒక్కటే దీనికి కారణమనడం అతిశయోక్తి. ఇస్మాయిల్ దుబారా, ఐరోపా దేశాల సామ్రాజ్య కాంక్ష కూడా ఉన్నాయి. అయినా ఆ అప్పుల మెట్ల వరుస మొదలైంది మాత్రం నాలుగేళ్ల ధరల పెరుగుదలతోనే.

మేలుగా మిగిలిపోయినవి

మిగిలే జాడ ఎప్పుడూ మచ్చే కానక్కర్లేదు. నెపోలియన్ యుద్ధాల కాలంలో బ్రిటిష్ సరుకు ఫ్రాన్స్‌లోకి రావడం కష్టమైంది. ఉత్తర ఫ్రాన్స్‌కు ఆ అడ్డంకి ఎక్కువగా, దక్షిణానికి తక్కువగా తగిలింది. రేకా యుహాస్ 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పోటీ లేని ఆ కొద్ది ఏళ్లలో ఉత్తర ప్రాంతాల్లో యంత్రాలతో నూలు వడికే పరిశ్రమ ఎక్కువగా ఎదిగింది, శాంతి వచ్చాక కూడా నిలిచింది. అదే అడ్డంకి చెరకు పంచదారకు కొరత తెచ్చి, బీట్ దుంప నుంచి పంచదార తీసే పరిశ్రమకు ఊతమిచ్చింది. నేటి ప్రపంచ పంచదారలో సుమారు అయిదో వంతు ఆ దుంపదే. రెండు చోట్లా పనిచేసినది ఒకటే: చేస్తూ నేర్చుకున్న పనితనం. అయితే ఇదే వాదంతో ప్రతి రక్షణ సుంకాన్నీ సమర్థించలేం. ఎదగడానికి అవకాశం ఉన్నచోటే విరామం ఉపయోగపడుతుంది.

హిరోషిమా ఎందుకు తిరిగి లేచింది

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి పెద్ద దెబ్బకు పెద్ద జాడ ఉండాలి. డొనాల్డ్ డేవిస్, డేవిడ్ వైన్‌స్టైన్ 2002లో జపాన్ నగరాల లెక్కలు తీసి అందుకు విరుద్ధమైనది చూపారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడులకు నేలమట్టమైన నగరాలు చాలావరకు తమ పాత జనాభా క్రమానికి తిరిగి చేరాయి. నాగసాకి 1960 ప్రాంతానికి, హిరోషిమా 1975 ప్రాంతానికి యుద్ధం రాకపోతే ఎక్కడ ఉండేవో ఆ స్థాయిని అందుకున్నాయి.

పరిశోధకులు దీన్ని ఆ స్థలాలకున్న సహజ అనుకూలతలతో వివరించారు: రేవు, నది, చదును నేల. బాంబు వాటిని తీసుకుపోలేదు. భూమి హక్కులు, బతికి బయటపడినవారి నైపుణ్యాలు, ఊరు మళ్లీ లేస్తుందన్న నమ్మకం కూడా మిగిలాయి. భవనాలు కట్టుకోవచ్చు. అమెరికా తూర్పు తీరంలో దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ ఉంది. నదుల మీద జలపాతాలు అడ్డొచ్చే చోట పడవలు ఆపి సరుకు దించి మోసేవారు. అలాంటి మజిలీల వద్ద రిచ్‌మండ్ వంటి ఊళ్లు పుట్టాయి. పడవల అవసరం తీరి వందేళ్లు దాటింది. ఊళ్లు మాత్రం అక్కడే నగరాలుగా నిలిచాయి. ఒకచోట నగరం నాశనమైనా కారణం మిగిలింది, మరోచోట కారణం పోయినా జనమే కారణంగా మారారు.

2008, 2020

ఏది తెగింది, ఏది మిగిలింది అన్న ఈ తేడాకు ఈ కాలపు రుజువు రెండు సంక్షోభాల పోలికలో ఉంది. 2008 ఆర్థిక సంక్షోభంలో అమెరికా పోగొట్టుకున్న ఉద్యోగాల సంఖ్య తిరిగి పాత స్థాయికి రావడానికి 2014 దాకా పట్టింది. 2020లో రెండు నెలల్లో అంతకు రెండింతలకు పైగా ఉద్యోగాలు పోయాయి, ఏప్రిల్‌లో నిరుద్యోగం 14.8 శాతానికి చేరింది. అయినా 2021 డిసెంబరుకు 4 శాతం లోపుకు దిగింది. దెబ్బ పెద్దది, కోలుకోవడం వేగం. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగులైన 2.3 కోట్ల మందిలో సుమారు 1.8 కోట్ల మంది తాత్కాలికంగా పక్కన పెట్టినవారే. వారికీ యజమానికీ మధ్య తాడు తెగలేదు. ప్రభుత్వ సాయం కుటుంబాలను అప్పుల్లో కూరుకుపోకుండా చూసింది. 2008లో బ్యాంకులే కూలడంతో రుణాలు నిలిచిపోయాయి, ఇళ్ల అప్పులు మెడమీద ఉండిపోయాయి.

జర్మనీ ఈ తాడును చట్టంగానే పెట్టుకుంది. పని తగ్గినప్పుడు అందరి పనిగంటలూ తగ్గించి, పోయిన వేతనంలో కొంత ప్రభుత్వం భర్తీ చేసే పద్ధతి అది. 2009లో అక్కడ ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం దాదాపు కదలలేదు. స్పెయిన్‌లో ఆ ఏడాది ఉత్పత్తి పతనం అంతకంటే తక్కువే. కానీ తాత్కాలిక ఒప్పందాల మీద ఉన్న కార్మికులు మొదటి విడతలోనే రోడ్డున పడ్డారు, ఆపైన నిర్మాణ రంగం కుప్పకూలింది, 2013కు నిరుద్యోగం 26 శాతానికి చేరింది.

బంధాలను కాపాడే విధానానికి ఒక ఇబ్బంది లేకపోలేదు. తిరిగి లేవని పరిశ్రమలో కార్మికులను కట్టి ఉంచితే, వారు వేరే పనికి మారే అవకాశం ఆలస్యమవుతుంది. స్పెయిన్ నిర్మాణ రంగంలో అందరినీ అలా నిలిపి ఉంచినా, అన్ని ఇళ్లు కొనేవారు వచ్చేవారు కాదు. అందుకే సాయానికి గడువు ఉండాలి, ఆ గడువులో కొత్త పని నేర్చుకునే వీలు ఉండాలి. జాగ్రత్త పేరుతో అసలు సాయమే ఆలస్యం చేస్తే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. లారెన్స్ బాల్ అంచనా ప్రకారం 2008 సంక్షోభం వల్ల 23 సంపన్న దేశాల ఉత్పాదక సామర్థ్యం, సంక్షోభం రాకపోతే ఉండే స్థాయి కంటే 2015 నాటికి సగటున 8.4 శాతం తక్కువగా ఉంది. ఆ ఏళ్లలో ఖర్చు తగ్గించుకోవడమే వివేకమని చాలా ప్రభుత్వాలు నమ్మాయి. ఇంత పెద్ద నష్టం ముందు ఆ పొదుపు నిలవదు.

2020 లెక్క కూడా ఇంకా ముగియలేదు. ఉద్యోగాల తాడు నిలిచినచోట కూడా బడుల తాడు తెగింది. యునెస్కో లెక్కల ప్రకారం ఆ ఏడాది ఏప్రిల్‌లో 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు చదువులకు దూరమయ్యారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా సమయంలో తల్లి కడుపులో ఉన్న అమెరికన్లు తక్కువ చదువుతో, తక్కువ ఆదాయంతో ఉన్నట్టు 1960 నుంచి 1980 దాకా జరిగిన జనాభా లెక్కల్లో బయటపడింది. 2020లో అక్షరాలు దిద్దాల్సిన ఆరేళ్ల పిల్లలు పనిలో చేరేది 2030లలో. చదవడం, లెక్కలు చేయడంలో వెనుకబడ్డవారికి ఇప్పుడే బడిలోనే అదనపు బోధన అందిస్తే ఆ అంతరాన్ని పూడ్చవచ్చు. 2030లలో అదే లోటు వేతనాల పట్టికలో కనిపించేనాటికి వారు తరగతి గదిలో ఉండరు.